గుండె జబ్బు కథ – 6: రొట్టె మీది వెన్న

గత భాగం ఫ్రామింగ్‌హామ్ దగ్గర ఆగింది. అమెరికాలోని ఆ చిన్న పట్టణంలో 1948లో 5,209 మందితో మొదలైన అధ్యయనం, గుండెపోటు ఉన్నట్టుండి నెత్తిన పడే పిడుగు కాదని, ఏళ్ల ముందే ఆనవాళ్లు చూపిస్తుందని తేల్చింది. అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్, సిగరెట్టు అనే మూడింటినీ 1960ల తొలినాళ్ల నుంచి వైద్యలోకం ‘ప్రమాద కారకాలు’ అని పిలవడం మొదలుపెట్టింది. అయితే జబ్బు ఎవరికి వస్తుందో చెప్పడం వేరు, రాకుండా ఆపడం వేరు. కారకం తెలిసినంత మాత్రాన అది తగ్గదు. తగ్గించినంత మాత్రాన చావులు ఆగుతాయన్న భరోసా కూడా ఆనాటికి లేదు. ఒక జిల్లా అంత జనం మీద దాన్ని పరీక్షించి చూసిన తొలి ప్రయత్నాల్లో అన్నింటికంటే పేరుపడ్డది ఫిన్లాండ్ తూర్పు కొసన, అప్పటి సోవియట్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఉత్తర కరేలియాలో జరిగింది. ఆ ప్రాంతం మనకు నేర్పింది ఏమిటన్న దాని మీద పండితుల్లో యాభై ఏళ్లుగా వాదం నడుస్తోంది. నా వాదన ఇది: ప్రమాదం ఎక్కువగా ఉన్న కొద్దిమందిని వెతికి పట్టుకోవడం కంటే, అందరి తిండినీ అలవాట్లనూ కొద్దికొద్దిగా జరపడమే ఎక్కువ ప్రాణాలు నిలుపుతుందని ఉత్తర కరేలియా చూపించింది. దీనికి ఎదురు నిలిచే సాక్ష్యం బలమైనదే. దాన్ని దాటవేయకుండా చూద్దాం.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన ఫిన్లాండ్ తన కరేలియాలో పెద్ద భాగాన్ని సోవియట్ యూనియన్‌కు వదులుకుంది. నాలుగు లక్షల మంది ఇళ్లు వదిలి ఇవతలికి వచ్చారు. వాళ్లకూ, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకూ ప్రభుత్వం భూములు పంచింది. అడవి కొట్టి, గడ్డి పెంచి, నాలుగైదు ఆవులతో బతికే చిన్న రైతు కుటుంబాలు తూర్పు ఫిన్లాండ్ అంతటా వెలిశాయి. తరతరాల లేమి చూసిన జనానికి ఇంట్లో పాలు, వెన్న, పందిమాంసం నిండుగా ఉండటమే కలిమి. చిక్కటి పాలు గ్లాసులకు గ్లాసులు తాగేవారు, రొట్టె మీద వెన్న మందంగా రాసేవారు, కూర అంటే కొవ్వున్న మాంసాన్ని ఉప్పేసి ఉడికించేవారు. కూరగాయలు అంతంత మాత్రం. మగవాళ్లలో చాలామందికి సిగరెట్టు యుద్ధకాలంలో అంటుకుంది. వీళ్లు కుర్చీలో కూర్చుని బొజ్జ పెంచుకున్నవాళ్లు కారు. గొడ్డలితో చెట్లు నరికి, మంచులో దుంగలు లాగి పొట్టపోసుకున్న కండపుష్టి గల మనుషులు. గుండె జబ్బు దొరల జబ్బు, కాయకష్టం చేసేవాడి దరిచేరదు అన్న నమ్మకం ఎక్కడైనా నిలవకుండా పోయిందంటే అది ఇక్కడే. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనంలో 40 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న 12,763 మంది మగవాళ్లను పదహారు చోట్ల పరీక్షించారు. ఫిన్లాండ్ వంతు పని మార్టి కార్వొనెన్ చూసుకున్నాడు. అన్ని చోట్లలోకీ గుండె జబ్బు చావులు ఎక్కువగా కనిపించింది ఉత్తర కరేలియాలోని ఇలొమాంత్సి ప్రాంతమున్న తూర్పు ఫిన్లాండ్‌లో. తక్కువగా కనిపించింది గ్రీసు ద్వీపం క్రీటులో. క్రీటు వాళ్లూ కొవ్వు బాగానే తినేవారు, కాని అది ఆలివ్ నూనె. కీస్ దేశాలను తనకు అనువుగా ఎంచుకున్నాడన్న విమర్శ ఉంది. అది సబబైనా కాకపోయినా, ఇలొమాంత్సిలో భర్తలను పోగొట్టుకున్న నడివయసు ఆడవాళ్ల సంఖ్య దానివల్ల తగ్గదు.

ఆ సంఖ్యే జనాన్ని కదిలించింది. 1971 జనవరిలో ఉత్తర కరేలియా రాష్ట్ర గవర్నరు ఎసా టిమొనెన్, అక్కడి పార్లమెంటు సభ్యులు, సంఘాల ప్రతినిధులు కలిసి ప్రభుత్వానికి ఒక విన్నపం మీద సంతకాలు చేసి పంపారు. మా మగవాళ్లు పనిచేసే వయసులోనే పోతున్నారు, దీనికేదైనా మార్గం చూడండన్నది దాని సారాంశం. వైద్య పరిశోధనల చరిత్రలో ఇది అరుదు. సాధారణంగా శాస్త్రవేత్తలు జనాన్ని వెతుక్కుంటూ వెళతారు. ఇక్కడ జనం శాస్త్రాన్ని పిలిచారు. 1972లో పథకం మొదలైంది. నాయకత్వం పెక్కా పుస్కా అనే యువ డాక్టరుకు దక్కింది, అప్పుడతనికి 27 ఏళ్లు నిండలేదో, నిండీ నిండలేదో. దాదాపు 1,80,000 జనాభా ఉన్న ఉత్తర కరేలియాను పని జరిగే చోటుగా, పొరుగునున్న కువోపియో రాష్ట్రాన్ని పోల్చి చూసే చోటుగా పెట్టుకున్నారు. తొలి సర్వేలో మగవాళ్లలో సగం మందికి పైగా పొగతాగేవాళ్లని తేలింది. వాళ్ల సగటు కొలెస్ట్రాల్ 260 మిల్లీగ్రాములు దాటింది. పదిమందిలో తొమ్మిదిమంది రొట్టెకు వెన్నే రాస్తున్నారు. ఈ సగటు అన్న మాట దగ్గర పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. నేడు 260 ఉన్నవాడిని మనం రోగి అంటాం. ఆనాటి ఉత్తర కరేలియాలో అతను మామూలు మనిషి.

పుస్కా బృందానికి ఈ సంగతి మొదటే అర్థమైంది. సగటు మనిషే ప్రమాదంలో ఉన్నచోట రోగుల జాబితా తయారుచేసుకుని కూర్చుంటే ఊరంతా జాబితాలోకి ఎక్కుతుంది. అందుకని వాళ్లు ఆసుపత్రి గడప దాటి వంటింట్లోకి, పాల కేంద్రంలోకి, కిరాణా కొట్టులోకి నడిచారు. మార్తా సంఘం అని ఫిన్లాండ్ గృహిణుల పాత సంస్థ ఒకటుంది, ఊరూరా దానికి శాఖలున్నాయి. ఆ ఆడవాళ్లు సాయంత్రం పూట ‘దీర్ఘాయువు విందులు’ ఏర్పాటుచేసి, అలవాటైన వంటకాన్నే కొవ్వు తగ్గించి, దుంపలూ కూరగాయలూ చేర్చి వండి అందరికీ వడ్డించారు. ఉపన్యాసం కంటే ముందు రుచి చూపించారు కాబట్టి ఆ మాట ఇంటింటికీ వెళ్లింది. ఊళ్లో నలుగురూ మాట వినే మనుషులను వందల సంఖ్యలో ఎంచి శిక్షణ ఇచ్చారు. కొట్టు యజమానులు, సంఘ కార్యదర్శుల వంటివాళ్లు. నర్సులు బీపీ చూసి, ఎక్కువున్నవాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, మళ్లీ మళ్లీ పిలిచి మందులు వాడించారు. మాంసం సాసేజీలు చేసే కర్మాగారాలతో మాట్లాడి వాటిలో కొవ్వూ ఉప్పూ తగ్గించేలా ఒప్పించారు. 1978లో పొగ మానాలనుకునేవాళ్ల కోసం జాతీయ టెలివిజన్‌లో వరుస కార్యక్రమం నడిపారు. తరువాతి కాలంలో గ్రామాల మధ్య కొలెస్ట్రాల్ తగ్గించే పోటీలు పెట్టారు. ఇందులో గొప్ప యంత్రం లేదు, కొత్త మందు లేదు. ఉన్నదల్లా మంచి అలవాటుకు దారి సులువు చేసి, చెడ్డ అలవాటుకు దారి కష్టం చెయ్యడం.

కష్టమంతా వెన్న దగ్గరొచ్చింది. ఆవు మీద బతికే ఊళ్లో వెన్న తినవద్దంటే అది తిండి మీద మాట మాత్రమే కాదు, రైతు సంపాదన మీద దెబ్బ. పాడి వర్గాలు గట్టిగా ఎదురు తిరిగాయి. వెన్న మేలు చేస్తుందని ప్రచారాలు నడిపాయి. ఇక్కడ పుస్కా బృందం చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. వాళ్లు రైతును శత్రువుగా చూడలేదు. కరేలియా అడవుల్లో, పొలాల్లో బెర్రీ పళ్లు బాగా పండుతాయి. 1985లో ‘బెర్రీ పథకం’ మొదలుపెట్టి, ఆవులు వదిలి ఆ పళ్ల సాగుకు మళ్లదలచిన రైతులకు చేయూతనిచ్చారు. చలి దేశంలో పండే రేప్‌సీడ్ రకాలు వచ్చాయి. మన ఆవాల జాతికి చెందిన ఆ గింజల నూనె వెన్న స్థానాన్ని ఆక్రమించడం మొదలైంది. పాలకు ధర కట్టే పద్ధతి కూడా కాలక్రమాన మారింది. మన పాల కేంద్రాల్లో వెన్న శాతం చూసి ధర కట్టినట్టే అక్కడా కట్టేవారు. ఆ పద్ధతిలో కొవ్వు వాటా తగ్గి మాంసకృత్తుల వాటా పెరిగింది. ఈ చివరి మార్పు గురించి వార్తాపత్రికలు రాసింది తక్కువ, నా దృష్టిలో దాని విలువ ఎక్కువ. ధర చెప్పే మాటను మించి ఏ ఆరోగ్య ప్రచారమూ రైతు చెవికెక్కదు.

ఫలితాల సంగతికొద్దాం. 35 నుంచి 64 ఏళ్ల మగవాళ్లలో గుండె ధమనుల జబ్బుతో చావులు 1969–71 ప్రాంతంలో లక్షకు దాదాపు 670 ఉండగా, 2006 నాటికి 85 శాతం తగ్గి లక్షకు వంద దగ్గరకు వచ్చాయి. రొట్టెకు వెన్న రాసేవాళ్లు పదిమందిలో తొమ్మిది నుంచి ఒకరికంటే తక్కువకు పడిపోయారు. పొగతాగే మగవాళ్లు సగం నుంచి మూడో వంతుకు దిగారు. ప్రపంచంలో ఇంతగా తగ్గిన ఉదాహరణలు చాలా తక్కువ.

దీని వెనకున్న తర్కాన్ని స్పష్టంగా మాటల్లో పెట్టినవాడు లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్‌కు చెందిన జెఫ్రీ రోజ్. 1985లో ఆయన రాసిన ఒక చిన్న వ్యాసం ఈ శాస్త్రం చదివే విద్యార్థులందరికీ నేటికీ పాఠం. లండన్ గుమస్తాల రక్తపోటునూ కెన్యా సంచార పశుపాలకుల రక్తపోటునూ పక్కపక్కన పెట్టి ఆయన ఒక ప్రశ్న వేశాడు. లండన్‌లో ఈ గుమస్తాకు బీపీ ఎందుకు ఎక్కువైంది అని డాక్టరు అడుగుతాడు. లండన్ గుమస్తాలందరికీ కెన్యా వాళ్లకంటే ఎందుకు ఎక్కువైంది అని అడిగేవాడు లేడు. మొదటి ప్రశ్నకు వంశం, ఒంటి తత్వం జవాబులు కావచ్చు. రెండో ప్రశ్నకు జవాబు ఊరి తిండిలో, బతుకు తీరులో ఉంటుంది. ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. వెయ్యి మంది ఉన్న ఊళ్లో వందమందికి ప్రమాదం ఎక్కువ, పదేళ్లలో వాళ్లలో నూటికి పదిమందికి గుండెపోటు వస్తుందనుకుందాం. మిగిలిన తొమ్మిది వందల మందికి ప్రమాదం తక్కువ, నూటికి ముగ్గురికే వస్తుందనుకుందాం. మొదటి గుంపులో పది గుండెపోట్లు, రెండో గుంపులో ఇరవై ఏడు. అంటే డాక్టరు ‘మీకేం పరవాలేదు’ అని పంపించినవాళ్లలోనే ఎక్కువ గుండెపోట్లు దాగి ఉన్నాయి. అందుకే సగటును ఒక్క పిసరు కిందికి జరిపినా ఫలితం పెద్దది. రోజ్ మరో మాట కూడా దాచకుండా చెప్పాడు: సమాజానికి ఇంత మేలు చేసే పని ఒక్కొక్క మనిషికి చేసే మేలు చాలా కొద్ది. రొట్టె మీద వెన్న మానిన మనిషికి తాను బతికిపోయానని ఎప్పటికీ తెలియదు.

ఇక ఎదురు వాదాలు. అన్నిటికంటే పదునైనది కువోపియో వైపు నుంచి వచ్చింది. పోల్చి చూసేందుకు పక్కన పెట్టుకున్న ఆ రాష్ట్రంలోనూ, ఫిన్లాండ్ అంతటా కూడా చావులు తగ్గాయి. 1987లో జుక్కా సలొనెన్ లాన్సెట్ పత్రికలో అడిగిన ప్రశ్న ఇదే: ఈ తగ్గుదల నిజంగా పథకం వల్లనేనా? ఈ ప్రశ్న న్యాయమైనది. మొదటి పదేళ్లను విడిగా చూస్తే, 1969 నుంచి 1979 వరకు ఉత్తర కరేలియా మగవాళ్లలో చావులు 24 శాతం తగ్గగా, కువోపియోలో 12, మిగిలిన దేశంలో 11 శాతం తగ్గాయి. తేడా ఉంది. కాని రెండే రాష్ట్రాలు, అవి కూడా చీటీ వేసి ఎంచినవి కావు. దీన్ని శాస్త్రీయ ప్రయోగం అనడానికి చాలదు. పైగా 1972లోనే దేశమంతటా ఊరి ఆరోగ్య కేంద్రాలు పెట్టే చట్టం వచ్చింది, 1976లో పొగాకు ప్రకటనలను నిషేధించే చట్టం వచ్చింది, 1977 తరువాత పథకమే దేశమంతటికీ వ్యాపించింది. టెలివిజన్‌లో చెప్పే మాట రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగదు. ఉత్తర కరేలియాలో ఒక ప్రాణం నిలిస్తే అది పుస్కా ఖాతాలో వెయ్యాలా, హెల్సింకి ప్రభుత్వ ఖాతాలో వెయ్యాలా అన్నది తేల్చలేం. నా వాదనకు మాత్రం ఆ తగువు తీరనక్కర లేదు. కువోపియోలో చావులు తగ్గింది అక్కడి వాళ్లను ఒక్కొక్కరిగా వెతికి వైద్యం చేసినందువల్ల కాదు. అక్కడా వెన్న తగ్గింది, పొగ తగ్గింది, రక్తపోటు తగ్గింది. పథకం పేరు పోతే పోయింది, పద్ధతి గెలిచింది.

రెండో వాదం అమెరికా నుంచి. కరేలియాను చూసి స్టాన్‌ఫర్డ్, మినెసోటా, రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ బృందాలు తమ పట్టణాల్లో ఇలాంటివే చేశాయి. పోల్చిన పట్టణాలతో తేడా స్వల్పం. వ్యక్తుల మీద పెట్టిన పెద్ద ప్రయోగమూ అంతే: ప్రమాదం ఎక్కువున్న 12,866 మంది మగవాళ్లను రెండు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపుకు ఏడేళ్లు సలహాలూ చికిత్సలూ ఇచ్చి 1982లో లెక్క చూస్తే, గుండె చావుల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కారణం ఏమిటంటే, ఏ సాయమూ ఇవ్వని గుంపు కూడా ఆ ఏడేళ్లలో సిగరెట్లు మానింది, కొలెస్ట్రాల్ తగ్గించుకుంది. అమెరికాలో గుండె చావులు 1960ల చివరి నుంచే తగ్గుముఖం పట్టాయి. పారే ఏటిలో ఒక బిందె నీళ్లు అదనంగా పోసి మట్టం పెరిగిందా అని కొలిచినట్టయింది ఆ ప్రయోగం. ఉత్తర కరేలియా ఆ పని మొదలుపెట్టినప్పుడు ఏరు ఇంకా కదలలేదు.

మూడో వాదం నిజంగా ఇబ్బందిపెట్టేది. అది కూడా ఫిన్లాండ్‌దే. 1974లో హెల్సింకిలో 1,222 మంది వ్యాపార ఉద్యోగులను, ప్రమాద కారకాలున్నవాళ్లను ఏరి, సగం మందికి ఐదేళ్లపాటు సలహాలూ, రక్తపోటుకు, కొలెస్ట్రాల్‌కు మందులూ ఇచ్చారు. కారకాలు చక్కగా తగ్గాయి. పదిహేనేళ్ల లెక్కను 1991లో ప్రచురించినప్పుడు చూస్తే, చికిత్స పొందిన గుంపులో గుండె చావులు 34, పొందని గుంపులో 14. ఎందుకిలా అయిందన్నది పూర్తిగా తేలలేదు. ఆనాటి మందుల్లో కొన్ని తరువాత వాడుకలోంచి పోయాయి, సంఖ్యలు చిన్నవి కాబట్టి యాదృచ్ఛికమనీ అన్నారు. నివారణను నమ్మేవాళ్లు ఈ లెక్కను అరచేతితో కప్పెయ్యకూడదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఏళ్ల తరబడి మందు ఇచ్చే ముందు ఎంత సాక్ష్యం కావాలో అది నేర్పింది. అయితే కరేలియా మీద వేటుగా దాన్ని వాడేవాళ్లు ఒకటి మరుస్తారు. కరేలియా చేసింది సాదా మనుషుల తిండిని సాదా మార్గంలో మార్చడం. మింగించింది బీపీ మాత్రలే, అవి కూడా బీపీ ఉన్నవాళ్లకే.

మందులూ ఆపరేషన్లూ మెరుగుపడటం వల్లే చావులు తగ్గాయి, తిండిదేం లేదన్నది నాలుగో మాట. దీనికి లెక్కలు కట్టారు. 1982 నుంచి 1997 వరకు ఫిన్లాండ్‌లో గుండె చావులు 63 శాతం తగ్గాయి. అందులో చికిత్సల వాటా దాదాపు 23 శాతమని, ప్రమాద కారకాల తగ్గుదల వాటా సగానికి పైగానని ఒక అధ్యయనం తేల్చింది. తూర్పు ఫిన్లాండ్‌ను నలభై ఏళ్లు గమనించిన మరో లెక్క ప్రకారం, మొదటి పదేళ్ల తగ్గుదలంతా దాదాపుగా మూడు కారకాలతోనే వివరించవచ్చు. చివరి పదేళ్లలో అది మూడింట రెండు వంతులైంది, మిగిలినది చికిత్సల వంటి వాటిది. రెండూ చేతులు కలిపాయి, ముందు నడిచింది మాత్రం తిండీ పొగా.

ఇక మన దగ్గరికొస్తే. 2003–04లో ఆంధ్రప్రదేశ్ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఒక అధ్యయనం జరిగింది. ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, అయినవాళ్లను అడిగి కారణాలు రాసుకున్నారు. పల్లెల్లో జనం అంటురోగాలతో పోతారని అనుకుంటూ ఉంటాం కదా. అంటురోగాల వాటా 13 శాతం వచ్చింది, గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 32 శాతం. ఆ పల్లెల జనాభా 1,80,162, అంటే 1972 నాటి ఉత్తర కరేలియా అంత. మన ఊళ్లలో వెన్న సమస్య కాకపోవచ్చు. ఉప్పు ఉంది, చుట్టా బీడీ ఉన్నాయి, ఏళ్ల తరబడి ఎవరూ చూడని బీపీ ఉంది. బడికి నూరు గజాల లోపు పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతోంది. మీ ఊళ్లో ఆ నూరు గజాలూ ఒకసారి నడిచి చూడండి. ముప్ఫై దాటిన ప్రతి మనిషికీ బీపీ చూస్తున్నారా అని ఆరోగ్య కేంద్రంలో అడగండి. జవాబు నచ్చకపోతే నలుగురు కలిసి ఒక విన్నపం రాసి సంతకాలు పెట్టి పంపండి. ఉత్తర కరేలియా వాళ్లు 1971 జనవరిలో మొదట చేసిన పని అదే.